ఎడమ చక్రం వెనక మొండి నట్టు: ఇంటి ముందు సస్పెన్షన్ పని డైరీ

శనివారం సాయంత్రం

కారు ముందు కుడివైపు స్ట్రట్టు (షాక్ అబ్జార్బర్, దాని చుట్టూ స్ప్రింగు కలిసిన భాగం) మార్చడం అయిపోయింది. ఎడమవైపు మాత్రం కింది నట్టు దగ్గర పని ఆగిపోయింది.

కారు 2011 మోడల్, చిన్న హ్యాచ్‌బ్యాక్. ముందు షాక్ అబ్జార్బర్లు రెండూ ఆయిల్ కారుతున్నాయి, స్పీడ్ బ్రేకర్ దిగినప్పుడల్లా ముందు భాగం రెండుమూడుసార్లు ఊగి గాని ఆగట్లేదు. కొత్త స్ట్రట్లు తెచ్చి, స్ప్రింగులు షాపులోనే కంప్రెసర్ పెట్టి ఎక్కించుకుని వచ్చాను. ఆ ఒక్క పని ఇంటి దగ్గర పెట్టుకోవద్దు. బిగించి ఉన్న స్ప్రింగు చేతిలోంచి జారితే ఎముకలు విరిగిపోతాయి. మిగతాది ఇంటి ముందు చేసుకోదగ్గ పనే. స్ట్రట్టుకి పైన బానెట్ కింద నట్లు ఉంటాయి, కింద చక్రాన్ని మోసే నకిల్‌కి రెండు అడ్డబోల్టులు ఉంటాయి. అవి విప్పితే మొత్తం బయటికి వచ్చేస్తుంది.

కుడివైపు రెండు బోల్టులూ టామీ బార్ (పానా తిప్పే పొడవాటి కడ్డీ) పెట్టి లాగగానే కిర్రుమని వదిలాయి. ఎడమవైపు పై బోల్టు కాస్త సతాయించి వచ్చింది. కింది బోల్టు నట్టు కదల్లేదు. నట్టుకీ బోల్టుకీ మధ్య గీత కూడా కనబడట్లేదు, అంతా ఒకే గోధుమరంగు ముద్ద.

ఒకే కారు, ఒకే వయసు బోల్టులు, మరి ఎడమవైపే ఎందుకిలా అని చాలాసేపు ఆలోచించాను. ఈ కారు మొదట్లో వైజాగ్‌లోనే సముద్రం దగ్గర పెదవాల్తేరులో అక్కావాళ్ల దగ్గర ఉండేది. గేటు లోపల ఎప్పుడూ ఒకే దిక్కుకి పెట్టేవారు, ఎడమ పక్క సముద్రం వైపు. హుద్‌హుద్ తుపాను వచ్చిన 2014 అక్టోబరు 12న కూడా అక్కడే ఉంది. ఆ తర్వాత మర్రిపాలెం మా ఇంటికి వచ్చింది. దానికి తోడు మనం రోడ్డుకి ఎడమ పక్కన నడుపుతాం కాబట్టి అంచున నిలిచిన నీళ్లు, ఇసక, బురద ముందు ఎడమ చక్రాల మీదే పడతాయి.

ఉప్పు సంగతి ఇంకొంచెం చెప్పాలి. గాలిలో తేమ 75 శాతం దాటితే మామూలు ఉప్పు తనంతట తనే నీటిని పీల్చుకుని కరగడం మొదలుపెడుతుంది. వైజాగ్‌లో చాలా రాత్రిళ్లు తేమ అంతకంటే ఎక్కువే ఉంటుంది, అంటే చినుకు పడకపోయినా సముద్రపు గాలి మోసుకొచ్చిన ఉప్పు నట్టు మీద తడిగానే ఉంటుంది. బోల్టుకి ఉన్న జింకు పూత మొదట తెల్లటి పొడిగా పోతుంది, అది పోయాక ఇనుము వంతు వస్తుంది. తుప్పు తను తిన్న ఇనుము కంటే ఎక్కువ చోటు ఆక్రమిస్తుంది, రెండు రెట్లు, ఇంకా ఎక్కువ కూడా. మరల మధ్య ఉండే సన్నటి సందులో అది ఉబ్బితే నట్టుని లోపలి నుంచి బిగించేసినట్టే.

ఈ రోజుకి చేసింది ఒక్కటే. వైరు బ్రష్షు పెట్టి నట్టు చుట్టూ, ముఖ్యంగా నట్టు దాటి బయటికి పొడుచుకొచ్చిన మరల మీద, తుప్పు పొట్టు రాలేదాకా తోమాను. నట్టు వదిలాక ప్రయాణం చేయాల్సింది ఆ మరల మీదుగానే. అక్కడ తుప్పు గడ్డలుంటే కదిలిన నట్టు మళ్లీ అక్కడే ఇరుక్కుంటుంది. తోమాక తుప్పు వదిలించే స్ప్రే కొట్టి, పాత గుడ్డ తడిపి నట్టుకి చుట్టి వదిలేశాను.

కారు జాకీ మీద లేదు, స్టాండు మీద ఉంది. వెనక చక్రాలకి చెక్క దిమ్మలు, గేరు ఫస్ట్‌లో, హ్యాండ్ బ్రేకు పైకి, విప్పిన చక్రం డోరు కింద అడ్డంగా పడుకోబెట్టి. మన ఇళ్ల దగ్గర స్టాండు బదులు సిమెంటు ఇటుకలు పెట్టడం చూస్తుంటాను. అవి పగిలేటప్పుడు ముందుగా ఏ హెచ్చరికా ఇవ్వవు. పైగా మొండి నట్టు మీద బలం పెట్టినప్పుడు కారు మొత్తం ఊగుతుంది. స్టాండులు లేకపోతే ఈ పని మొదలుపెట్టకండి.

ఆదివారం పొద్దున్న

ఎండ ఎక్కకముందే మొదలుపెట్టాను.

ఇలాంటి నట్టు దగ్గర అన్నిటికంటే విలువైనవి దాని ఆరు మూలలు. స్ప్రే మళ్లీ కొట్టొచ్చు, వేడి మళ్లీ పెట్టొచ్చు, రేపు ఇంకో పనిముట్టు తేవొచ్చు, కానీ మూలలు గుండ్రంగా అరిగిపోతే పానా పట్టే చోటే ఉండదు, ఆ తర్వాత కోయడం తప్ప మార్గం లేదు. అందుకే మూలలకి హాని చేసే పని ఏదీ చేయకూడదని మొదటే నిర్ణయించుకున్నాను. ఈ నట్టుకి ఒక మూల అప్పటికే కాస్త అరిగి ఉంది. ఎప్పుడో ఏదో గ్యారేజీలో వదులుగా పట్టే రింగు పానా వేసి లాగిన గుర్తు అది.

మనకి దొరికే సాకెట్ సెట్లలో చాలావరకు లోపల పన్నెండు మూలలుంటాయి. తొందరగా ఎక్కించుకోవడానికి అవి సుఖం, కానీ పట్టు అంతా నట్టు మూలల మీదే పడుతుంది. ఆరు మూలల సాకెట్ నట్టు చదును ముఖాల మీద పట్టుకుంటుంది. తుప్పు పట్టిన నట్టుకి అదే కావాలి. పూర్ణా మార్కెట్ వైపు ఒక హార్డ్‌వేర్ షాపులో మందపు గోడలున్న పదిహేడో నంబరు ఆరు మూలల సాకెట్ ఒక్కటే విడిగా కొన్నాను. నట్టు మీద తుప్పు పొర ఉంటే సాకెట్ చివరిదాకా ఎక్కదు. ముఖాల మీద ఆ పొర గీకేశాక చిన్న సుత్తితో తట్టి లోపలిదాకా దింపాను. బోల్టు తలకి వెనక నుంచి రింగు పానా వేసి, అది నకిల్‌ని కింద పట్టుకునే లోయర్ ఆర్మ్‌కి ఆనేలా పెట్టాను. తిప్పాల్సింది నట్టుని, బోల్టుని కాదు. బోల్టు తిరిగితే నకిల్ రంధ్రంలో ఉన్న తుప్పుతో కూడా పోరాడాలి.

లాగాను, కదల్లేదు.

మా తమ్ముడు జీఐ పైపు పట్టుకొచ్చాడు, టామీ బార్‌కి తొడిగి ఇద్దరం లాగుదాం అని. లెక్క చూద్దాం. పన్నెండు మిల్లీమీటర్ల బోల్టు, తల మీద బలం గుర్తు 8.8 అని రాసి ఉంది. ఇలాంటి బోల్టుని మామూలుగా బిగించేది 80, 90 న్యూటన్ మీటర్ల దగ్గర. మీటరు పొడవు పైపు చివర 60 కిలోల మనిషి వేలాడితే దాదాపు 590 న్యూటన్ మీటర్లు, అంటే ఆరేడు రెట్లు. నట్టు వదలకపోతే అంతకి చాలా ముందే బోల్టు మెలితిరిగి తెగుతుంది. పైపు వద్దన్నాను. పైపే తప్పని కాదు, పొడవు ఎక్కువైతే నట్టు ఏం చేస్తోందో చేతికి తెలియదు.

ఇంతలో పక్కింటి మావయ్యగారు గోడ మీదుగా చూసి ఇటు వచ్చారు. సింధియాలో షిప్‌యార్డులో ఫిట్టరుగా చేసి రిటైరయ్యారు, ఉప్పునీళ్లలో నానిన బోల్టులతోనే ఆయన ఉద్యోగమంతా గడిచింది.

"ఏటి బాబూ, ఇప్పుతున్నావా, తెంపుతున్నావా?"

"ఇప్పుదామనే మావయ్యగారూ, కదలట్లేదు."

"కదల్దు. ఒకేపు లాగితే ఎందుకు కదుల్తాది? ముందు బిగించు."

"బిగించాలా?"

"కొంచెమే. బిగించేవేపు ఓసారి నొక్కు, తర్వాత ఇప్పేవేపు ఓసారి నొక్కు. తుప్పు పగలాలి గాని బోల్టు పగలకూడదు. దాని ముందు సుత్తి పట్రా, రెండు సుత్తులు కావాలి."

రెండు సుత్తులు ఎందుకో అప్పుడు తెలిసింది. నట్టు ఒక ముఖానికి బరువైన సుత్తి ఆనించి పట్టుకోవాలి, ఎదుటి ముఖం మీద రెండో సుత్తితో కొట్టాలి. దెబ్బ మొత్తం నట్టు గుండానే పోతుంది, మరల మధ్య ఎండి గట్టిపడ్డ తుప్పు చిట్లుతుంది. వెనక ఆనిక లేకపోతే ఆ దెబ్బ నకిల్ లోంచి బేరింగుకి పోతుంది. మూలల మీద కాదు, ముఖం మధ్యలో కొట్టాలి. బలంగా కొట్టడం కంటే ఎక్కువసార్లు కొట్టడం ముఖ్యం. ప్రతి విడతకీ మధ్యలో స్ప్రే. ఆరు ముఖాలూ అలా చేశాం.

మావయ్యగారు ఆగి ఒక మాట చెప్పారు, "దీని మీద నీకు కోపం రాకూడదు. కోపం వస్తే ఎల్లిపోయి అన్నం తినేసి రా." షిప్‌యార్డులో కొత్త కుర్రాళ్లకి ఇదే మొదట చెప్పేవారట.

ఆదివారం రాత్రి

నట్టు ఇంకా రాలేదు.

స్ప్రేల గురించి చదివినదీ చూసినదీ కలిపి రాస్తున్నాను. మన దగ్గర చాలామంది వాడే డబ్ల్యూడీ-40 1953లో తయారైంది, పేరులోనే దాని పని ఉంది, నీటిని తొలగించడం, నలభయ్యో ఫార్ములా. తేలికపాటి తుప్పుకి అది పనిచేస్తుంది, కానీ ఇలాంటి నట్టుకి సందుల్లోకి దూరడానికే చేసిన పెనెట్రేటింగ్ ఆయిల్ మేలు. చాలామంది మెకానిక్కులు ఆటోమేటిక్ గేరు ఆయిల్‌నీ అసిటోన్‌నీ సగం సగం కలిపి వాడతారు. ఆ మిశ్రమం నిలవుండదు, వాడే ముందు ప్రతిసారీ కుదపాలి, రబ్బరుకీ పెయింటుకీ దూరంగా పెట్టాలి, అసిటోన్ వెంటనే అంటుకుంటుంది. కిరసనాయిలు మావయ్యగారి కాలం మందు. అదీ లోపలికి పాకుతుంది, కాకపోతే నెమ్మదిగా. ఏది వాడినా ఎంత పోశాం అనేదానికంటే ఎంతసేపు వదిలాం అనేదే ముఖ్యం. సందులోకి నూనె వెళ్లేది ఒత్తిడితో కాదు, దానంతట అది పాకుతూ పోవాలి. రాత్రంతా ఉంచి పొద్దున్న తట్టి మళ్లీ వేయడం, పొద్దున్న ఒకసారి డబ్బా ఖాళీ చేయడం కంటే ఎంతో మేలు.

ఇంకో విషయం. ఈ పని మీద వీడియోలు చాలా ఉన్నాయి, కానీ వాటిలో ఎక్కువ భాగం మంచు పడే దేశాలవి. అక్కడ చలికాలంలో మంచు కరగడానికి రోడ్ల మీద ఉప్పు చల్లుతారు, ఆ ఉప్పు కారు అడుగు భాగాన్ని తినేస్తుంది. వాళ్లకి లిఫ్టు ఉంటుంది, ఆక్సీ ఎసిటిలీన్ మంట ఉంటుంది. ఆ మంట పెట్టి నట్టుని చెర్రీ ఎరుపు దాకా కాల్చి తీసేస్తారు. జాకీ, రెండు స్టాండులు, అగ్గిపెట్టెలతో పనిచేసే మనం ఆ పద్ధతి ఉన్నదున్నట్టు దింపుకోకూడదు. సూత్రం తీసుకోవచ్చు.

బుధవారం సాయంత్రం

మధ్యలో రోజూ రెండు పూటలూ నూనె, తట్టుడు తప్ప ఇంకేం చేయలేదు. ఆఫీసుకి బండి మీద వెళ్తున్నాను. ఈ రోజు వేడి పెట్టాను.

ఎందుకు వేడి అంటే, ఉక్కు ప్రతి డిగ్రీకీ మీటరుకి 12 మైక్రోమీటర్లు పెరుగుతుంది. పన్నెండు మిల్లీమీటర్ల రంధ్రమున్న నట్టుని బోల్టు కంటే 200 డిగ్రీలు ఎక్కువ వేడెక్కిస్తే రంధ్రం మిల్లీమీటరులో మూడు వందో వంతులు పెద్దదవుతుంది. కంటికి కనబడదు. కానీ మరల మధ్య సందు అంతకంటే పెద్దదేం కాదు. బిగుసుకుపోయిన సీసా మూత మీద వేడినీళ్లు పోసి తిప్పినట్టే ఇదీ. అందుకే వేడి నట్టుకి తగలాలి, బోల్టుకి కాదు. రెండూ సమానంగా వేడెక్కితే రెండూ సమానంగా పెరుగుతాయి, అప్పుడు లాభం లేదు. దానికి తోడు తుప్పు పెళుసుగా ఉంటుంది, ఉక్కు పెరిగి తగ్గేటప్పుడు అది పగులుతుంది. అసలు మేలు ఎక్కువ అక్కడే జరుగుతుందని నా నమ్మకం.

మంట పెట్టే ముందు చేసిన ఏర్పాట్లకి మంట పెట్టినదానికంటే ఎక్కువ సమయం పట్టింది, అలాగే ఉండాలి కూడా. బ్రేకు గొట్టం స్ట్రట్టు క్లిప్పులోంచి తప్పించి తాడుతో దూరంగా కట్టాను. డ్రైవ్ షాఫ్టు రబ్బరు బూటు మీద, కింద బాల్ జాయింటు రబ్బరు మీద తడిపిన గోనె గుడ్డలు కప్పి, వాటి మీద అల్యూమినియం రేకు అడ్డం పెట్టాను. స్ట్రట్టు గొట్టం మీద మంట పడకూడదు, లోపల ఆయిల్, ఒత్తిడిలో గ్యాసు ఉంటాయి, వేడెక్కితే పేలే ప్రమాదం ఉంది. స్ట్రట్టు పారేయాల్సిందే అయినా సరే, మంట దాని మీదకి పోకూడదు. నట్టు మీద ఇన్నాళ్లూ కొట్టిన స్ప్రే మొత్తం పొడిగుడ్డతో తుడిచి ఆరనిచ్చాను. బ్రేకు క్లీనర్ మాత్రం దగ్గరకి రానివ్వలేదు. క్లోరిన్ ఉన్న బ్రేకు క్లీనర్ మంటలో పడితే ఫాస్జీన్ అనే విషవాయువు పుడుతుంది, కొంచెం పీల్చినా ఊపిరితిత్తులు దెబ్బతింటాయి. కొన్ని డబ్బాల మీద క్లోరిన్ లేదని రాసి ఉంటుంది, అయినా మంట దగ్గర వద్దు. పక్కన బక్కెట్టుతో నీళ్లు, పొడి ఇసక, రక్షణ కళ్లద్దాలు. గాలి లేని వేళ చూసుకున్నాను. సాయంత్రం సముద్రపు గాలి తగ్గేదాకా ఆగాల్సి వచ్చింది. గాలిలో మంట ఎటు పోతుందో మన చేతిలో ఉండదు.

వంటింట్లో వాడే చిన్న బ్యూటేన్ టార్చి సరిపోదు, దాని పెద్దన్న లాంటి ప్లంబర్ల టార్చి అరువు తెచ్చాను. సన్నటి మంట నట్టు చుట్టూ తిప్పుతూ వేడెక్కించాను. ఎర్రగా కానివ్వలేదు. 8.8 బోల్టుకి ఆ బలం వచ్చేది కాల్చి, చల్లార్చి, మళ్లీ కనీసం 425 డిగ్రీల దగ్గర వేడి చేయడం (టెంపర్) వల్ల, అంతకంటే ఎక్కువ వేడి పెడితే ఆ బలం పోతుంది. ఈ బోల్టు ఎలాగూ పారేస్తాను, కానీ పక్కన ఉన్న నకిల్ పారేయను కదా.

తర్వాత కొవ్వొత్తి. మంట పక్కన పెట్టి, ఆపేశాక నట్టు అంచుకి కొవ్వొత్తి ఆనిస్తే మైనం కరిగి మరల సందులోకి పీల్చుకుపోతుంది. నట్టు మరీ వేడిగా ఉంటే మైనం పొగవుతుంది, అప్పుడు కాసేపు ఆగాలి. పొగ ఆగి, మైనం నీళ్లలా మెరుస్తూ లోపలికి జారుతుంటే అదే సరైన వేడి. బయటి వైపు కొంచెం, స్ట్రట్టు వైపు కొంచెం పట్టించాను. చల్లబడేటప్పుడు మైనం ఇంకా లోపలికి పోతుంది.

వేడి పూర్తిగా తగ్గకముందే సాకెట్ ఎక్కించి, మావయ్యగారు చెప్పినట్టు మొదట బిగించే వైపు ఒక నొక్కుడు. తర్వాత విప్పే వైపు. మళ్లీ బిగించే వైపు.

ఇక్కడ చేతికి తెలిసేదాని గురించి రాయాలి, ఎందుకంటే ఏ వీడియోలోనూ ఇది సరిగ్గా చూపించలేరు. బార్ మెత్తగా, స్ప్రింగు లాగా లొంగుతూ, వదిలితే వెనక్కి వస్తోందంటే నట్టు కదలట్లేదు, బోల్టు మెలితిరుగుతోంది. అప్పుడు వెంటనే ఆపేయాలి. ఇంకొంచెం లాగితే అది వెనక్కి రాని మెలిక అవుతుంది, తర్వాత తెగుతుంది. నట్టు నిజంగా వదిలినప్పుడు అలా ఉండదు, పొడిగా, తెగినట్టు "టక్" మంటుంది, బార్ వెనక్కి రాదు. సాకెట్ మూలల మీంచి జారుతున్నా కాస్త అలాంటి శబ్దమే వస్తుంది కాబట్టి ప్రతిసారీ ఆపి సాకెట్ తీసి మూలలు చూశాను. దాని కోసమే నట్టు మీద, పక్కన బోల్టు చివర మీద కలిపి తెల్ల పెయింటుతో ఒక గీత గీసి పెట్టుకున్నాను. గీత విడిపోతే నట్టు కదిలినట్టు. గీత కలిసే ఉండి మొత్తం తిరిగితే బోల్టు కూడా దాంతోపాటే తిరుగుతున్నట్టు.

రెండోసారి వేడి పెట్టి మైనం పట్టించాక, బిగించే వైపు నొక్కినప్పుడే టక్‌మంది. గీత విడిపోయింది, వెంట్రుకవాసి. బిగించే వైపు! విప్పే వైపు ఎంత లాగినా రానిది అటు నొక్కితే వదిలింది. గోడ అవతల నుంచి మావయ్యగారు ఆ శబ్దం విని, "వచ్చిందా?" అని అరిచారు.

బుధవారం రాత్రి

కదిలింది కదా అని గబగబా విప్పడానికి లేదు. పావు చుట్టు తిరిగాక మళ్లీ బిగుసుకుంది. పగిలిన తుప్పు ఎక్కడికీ పోదు, పొడిగా మారి మరల్లోనే ఉంటుంది, నట్టు ముందుకి కదిలే కొద్దీ అది ముందు పోగుపడుతుంది. అలాగే లాగితే ఆ పొడి గట్టిపడి మరలు చీరుకుపోతాయి, అప్పుడు అంతవరకు చేసిందంతా వృథా.

చేయాల్సింది, కొంచెం విప్పు, అంతకంటే కాస్త తక్కువ వెనక్కి బిగించు, నూనె వేయి, మళ్లీ విప్పు. వెనక్కి తిప్పినప్పుడు గోధుమరంగు ముద్దలా నూనెతో కలిసి తుప్పు బయటికి వస్తుంది, దాన్ని గుడ్డతో తుడిచేయాలి. కిర్రుకిర్రుమనే శబ్దం మారుతూ ఉంటుంది. సన్నగా కీచుమంటే పొడి పట్టినట్టు, నూనె కావాలి. శబ్దం బొంగురుగా ఉంటే పర్వాలేదు. ఇక్కడ నాకు తొందర ఏమాత్రం లేదు, ఫోను పక్కన పాటలు పెట్టుకుని నిదానంగా చేశాను. బయటి మరలు శనివారమే తోమి పెట్టినందుకు చివరి భాగం సులువైంది, సగం దాటాక చేత్తోనే తిరిగింది.

నట్టు బయటికి వచ్చింది. ఆరు మూలలూ ఉన్నాయి.

గురువారం పొద్దున్న

నట్టు వచ్చినా బోల్టు రాలేదు. ఇది ముందే అనుకున్నదే. నట్టు మరల్లో ఒక తుప్పు, నకిల్ రంధ్రంలో ఇంకో తుప్పు. రెండింటికీ మందు వేరు.

రంధ్రంలో ఇరుక్కున్న బోల్టుని చివర మీద సుత్తితో బాదితే మరల చివర పుట్టగొడుగులా వెడల్పై, ఇక ఆ రంధ్రంలోంచి ఎప్పటికీ రాదు. మొదట తల వైపు పానా పెట్టి తిప్పాను. నట్టు లేదు కాబట్టి ఇప్పుడు మెలితిరిగే ప్రమాదం తక్కువ. ఇక్కడా అటూ ఇటూ పద్ధతే. తిరగడం మొదలయ్యాక పాత నట్టుని బోల్టు చివరకి సమంగా వచ్చేదాకా మళ్లీ ఎక్కించి, దాని మీద ఇత్తడి ముక్క ఆనించి, దాని మీద సుత్తి. నట్టు మరలని కాపాడుతుంది, ఇత్తడి దెబ్బని మెత్తబరుస్తుంది. జరిగింది. నట్టు స్ట్రట్టుకి తగిలాక నట్టు తీసేసి, బోల్టు కంటే సన్నటి ఇనుప కడ్డీతో మిగతాది నెట్టాను.

బయటికి తీసి చూస్తే బోల్టు నడుము సన్నబడి ఉంది. స్ట్రట్టు రేకుకీ నకిల్‌కీ మధ్య సందు ఉన్నచోట నీళ్లు చేరి తినేశాయి. వేలితో తడిమితే గుంట తెలుస్తోంది. చక్రాన్ని నిలబెట్టే రెండు బోల్టుల్లో ఇదొకటి. షాక్ అబ్జార్బర్ కారకపోయుంటే దీన్ని ఎవరూ విప్పేవారు కాదు, చూసేవారు కాదు. ఆ మాట తలుచుకుంటే ఒళ్లు జలదరించింది, అక్కావాళ్ల పిల్లలు ఈ కారులోనే అరకు వెళ్లొచ్చారు.

గురువారం సాయంత్రం

కొత్త బోల్టుల కోసం గాజువాక ఆటోనగర్ వెళ్లాను. బోల్టులు అమ్మే షాపులో పాత బోల్టు చూపించగానే అదే పొడవు, అదే లావు ఉన్నది చేతిలో పెట్టారు. తల మీద ఏ గుర్తూ లేదు. గుర్తు లేని బోల్టుని చక్రం దగ్గర వాడకూడదు. 8.8 అంటే చదరపు మిల్లీమీటరుకి 800 న్యూటన్ల దాకా తెగకుండా తట్టుకుంటుంది, అందులో 80 శాతం, అంటే 640 దాకా సాగిపోకుండా నిలబడుతుంది అని అర్థం. గుర్తు లేనిది ఎంత తట్టుకుంటుందో ఎవరూ చెప్పలేరు.

రెండో సంగతి మర. పన్నెండు మిల్లీమీటర్ల బోల్టు మామూలు హార్డ్‌వేర్ షాపులో అడిగితే 1.75 పిచ్ (మరకీ మరకీ మధ్య మిల్లీమీటర్లలో దూరం) ఇస్తారు, కారుది 1.25, సన్నటి మర. రెండూ పక్కపక్కన పెట్టి చూస్తే గాని తేడా తెలియదు. పాత బోల్టు మరలకి కొత్త బోల్టు మరలు ఆనించి వెలుతురుకి ఎత్తి పట్టుకుంటే, పళ్లు పూర్తిగా కలిసిపోతే అదే పిచ్. కలవలేదు. చివరికి కంపెనీ స్పేర్ పార్ట్స్ కౌంటర్లో పార్టు నంబరు చెప్పి బోల్టులు, నట్లు కలిపి తీసుకున్నాను, కుడివైపుకి కూడా. అటువైపు పాతవి బాగానే కనిపించాయి గానీ ఎడమది చూశాక నమ్మబుద్ధి కాలేదు.

శుక్రవారం

బిగింపు. నకిల్ రంధ్రాలు గుండ్రటి వైరు బ్రష్షుతో తోమి, గుడ్డ దూర్చి తుడిచాను. బోల్టు నడుముకి, అంటే రంధ్రంలో ఉండే నున్నటి భాగానికి, రాగి పొడి కలిసిన, బిగుసుకుపోకుండా చేసే యాంటీ సీజ్ పేస్టు పలచగా రాశాను. మరలకి రాయలేదు. మాన్యువల్‌లో ఇచ్చే టార్కు (ఎంత బలంతో తిప్పి బిగించాలో) లెక్క పొడి మరలకి. మరలకి గ్రీజు రాసి అదే అంకె దాకా బిగిస్తే రాపిడి తగ్గి బోల్టు మీద ఉండాల్సినదానికంటే ఎక్కువ లాగుడు పడుతుంది. చక్రం నట్లకి కూడా ఇదే, అక్కడ గ్రీజు వద్దు.

బిగించాక, బయటికి పొడుచుకొచ్చిన మరల మీద, నట్టు చుట్టూ, స్ట్రట్టు రేకుకీ నకిల్‌కీ మధ్య సందులో చిక్కటి మైనపు పూత స్ప్రే చేశాను. బోల్టు నడుము తిన్నది ఆ సందులో చేరిన నీరే. కుడివైపు కూడా విప్పి అదే చేశాను. నట్టు నుంచి రేకు మీదకి పెయింటు గీత ఒకటి గీశాను, వదులైతే వంగి చూస్తే చాలు తెలిసిపోతుంది.

మావయ్యగారికి పాత బోల్టు చూపించాను. నడుము దగ్గర గోటితో గీకి చూసి, "ఇంకో రెండు వానాకాలాలు అయితే ఇదే ఊడిపోను. కుడివేపుదీ మార్చేవా?" అన్నారు. మార్చానంటే తల ఊపి, "ఎనకవి సూడు మరి" అన్నారు.

శనివారం

స్ట్రట్టు బోల్టులు విప్పి బిగిస్తే చక్రం నిలువు కోణం మారుతుంది, అలైన్‌మెంట్ చేయించకుండా తిప్పితే టైరు ఒక పక్కే అరిగిపోతుంది. కాబట్టి ముందు అలైన్‌మెంట్. తర్వాత ఎన్ఏడీ జంక్షన్ నుంచి బీచ్ రోడ్డు మీదుగా భీమిలి దాకా వెళ్లొచ్చాను. ముందు ఊగుడు లేదు, స్టీరింగ్ తిన్నగా ఉంది. ఇంటికొచ్చి పెయింటు గీతలు చూశాను, నాలుగూ అలాగే ఉన్నాయి. టార్కు పానాతో మళ్లీ సరిచూశాను.

వెనక షాక్ అబ్జార్బర్ కింది బోల్టులు కింద నుంచి టార్చి వేసి చూశాను. ఎడమది గోధుమరంగు ముద్దే. వాటిని ఇప్పుడే విప్పే పని లేదు, కానీ వానలు ముదిరేలోపు రోజూ రాత్రి నూనె పట్టించడం మొదలుపెడుతున్నాను. ఆరు మూలల సాకెట్ వెనక బోల్టుకి ఏ సైజు కావాలో కొలిచి రాసుకున్నాను. బోల్టుల పార్టు నంబర్లు కౌంటర్లో అడిగి ఉంచాను. సోమవారం తెచ్చేస్తాను.